అద్దాల వంతెన మీద చెప్తానన్నాడు

ఈ వరుస అయిపోతే పడవ. పడవ దిగితే సముద్రం మధ్య రాయి. రాయి మీద మండపం చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, ఆ తర్వాత అద్దాల వంతెన. ఆ వంతెన మీద చెప్తానన్నాడు శరత్. మా అమ్మకి ఎత్తంటే భయం, కాళ్ళ కింద అద్దంలోంచి సముద్రం కనిపించగానే వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది, పట్టుకున్నాక చెప్తే వదిలేసి ఎక్కడికి పోతుంది, అని నెల రోజులుగా ఇదే పాట. నాలుగేళ్ళుగా ఒక పిల్లను ప్రేమిస్తున్నానని కన్నతల్లికి చెప్పడానికి ఇంజినీరింగు చదివినవాడు వేసిన పథకం ఇది. నవ్వొస్తుంది, కానీ నవ్వే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే నాకున్నది కూడా ఆ వంతెన ఒక్కటే. ఇక్కణ్ణించి చూస్తే అది చిన్న తెల్ల విల్లులా కనిపిస్తోంది, దాని మీద చీమల్లా జనం, వాళ్ళలో ఎవరికీ ఏ పనీ లేదు, ఫోటోలు తీసుకుని దిగిపోతారు. మేం ఇంకా రేవులోనే, రేకుల కప్పు కింద, ఇనుప కమ్మీల మధ్య నిలబడి ఉన్నాం. ముందు శరత్ వాళ్ళ నాన్న గోపాలకృష్ణన్, టికెట్లతో విసురుకుంటూ. ఆయన వెనక వాళ్ళ అమ్మ కృష్ణమ్మాళ్. ఆమెను ఆనుకుని నేను. నా వెనక శరత్, నా జడకు జానెడు దూరంలో, తగలకుండా. చెమట, కొబ్బరినూనె, ఎవరి చేతిలోనో కారం చల్లిన మామిడికాయ ముక్కలు, కింద నీళ్ళలోంచి వచ్చే డీజిల్ వాసన. వరుస కదిలితే బావుండును. కదలకపోయినా బావుండును. రెండూ ఒకేసారి అనిపిస్తున్నాయి.

వీళ్ళకు నేను ఆఫీసు స్నేహితురాలిని. ఇంకొక అమ్మాయి కూడా వస్తుందని ఇంట్లో చెప్పి, బయల్దేరే ముందు ఆ లేని అమ్మాయికి జ్వరం తెప్పించాడు శరత్. వాళ్ళ ఊరు కినత్తుకడవు నుంచి కారు వస్తూ వస్తూ దిండిగల్‌లో నన్ను ఎక్కించుకుంది, ఇంటి దగ్గర కాదు, బస్టాండు ఎదురుగా, బిర్యానీ కొట్టు పక్కన. అక్కడ నిలబడు, వీధిలోకి మేం రావడం కష్టం, కారు తిరగదు అన్నాడు. కారు తిరుగుతుంది, మా వీధిలో చెత్త లారీయే తిరుగుతుంది. తిరగనిది వేరే. మా వీధి పేరు చెబితే దిండిగల్‌లో చిన్నపిల్లాడు కూడా మేమెవరమో చెప్పేస్తాడు. తోళ్ళు పదును చేసే షాపుల్లో పని చేసినవాళ్ళ వీధి అది, మా నాన్న గోవిందన్ ఆ సున్నపు నీళ్ళలో నిలబడి నిలబడే కాళ్ళు పోగొట్టుకున్నాడు, ఇప్పుడు షాపులు తగ్గిపోయి సగం మంది ఊరు ఊడుస్తున్నారు, మా అమ్మతో సహా. ఇంకొకటి కూడా చెప్పాడు శరత్, కారు ఎక్కే ముందు రాత్రి, ఫోన్‌లో, చాలా మెల్లగా. మా వాళ్ళ ముందర తెలుగు మాట్లాడొద్దు ఇలక్కియా, తమిళమే మాట్లాడు, కొన్ని రోజులే. ఎందుకని నేను అడగలేదు. తెలుసు కాబట్టి. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు రెండు రకాలని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. తోటలూ మిల్లులూ ఉన్న నాయుళ్ళు ఒకరు, శరత్ వాళ్ళలాగా. వాళ్ళ ఎడ్లకు తోలు పగ్గాలు చేసి, వాళ్ళ కాళ్ళకు చెప్పులు కుట్టి, వాళ్ళ వెనకే నడిచి వచ్చినవాళ్ళం మేము. తమిళ పిల్లనని ఊరుకుంటే కులం అడగడానికి మొహమాటపడతారు. తెలుగు పిల్లనని తెలిస్తే సంతోషంగా అడుగుతారు, ఎవరింటి పిల్లవే అని, ఏ వూరే మీది అని, మీ తాత పేరేమే అని, మూడో ప్రశ్నకి సంతోషం అయిపోతుంది. అందుకని సరే అన్నాను. నోరు మూసుకుంటే దొరికే మొగుడు కదా, మూసుకుందాం అనుకున్నాను.

కానీ అది ఇంత కష్టమని అనుకోలేదు. కారులో వాళ్ళు మాట్లాడుకుంటుంటే, కిటికీలోంచి గాలిమరలు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ, ఒక్కో మాట వింటూ వచ్చాను. సద్ది అంటుంది ఆమె, మేమూ సద్దే అంటాం. యాడ పెట్టినావు అంటుంది కళ్ళజోడు వెతుక్కుంటూ, మా అమ్మ కొంగుముడి వెతుక్కుంటూ అనే మాటే. బంగారు గాజులున్న చేతులు ఊపుతూ కూడా ఈ మాటలు అనొచ్చని నాకు తెలియదు. ఈ పొద్దున చీకటుండగానే సూర్యోదయం చూడ్డానికి ఒడ్డుకు వెళ్ళాం, గోడ మీదా రాళ్ళ మీదా జనం, అందరి ఫోన్లూ తూర్పు వైపే, మబ్బు అడ్డం వచ్చి సూర్యుడు ఎప్పుడో పైకి వచ్చేశాక కనిపించాడు, అయినా అందరూ ఓ అని అరిచారు. అప్పుడే మా అమ్మ వీడియో కాల్. ఆఫీసు టూరని చెప్పి వచ్చాను. అమ్మ సముద్రం చూడలేదు, ఎప్పుడూ. చూపియ్యవే, చూపియ్యి, ఎంత దూరముండాదో చూస్తాను, అంటోంది, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది, పనికి బయల్దేరుతోంది. నా పక్కన కృష్ణమ్మాళ్. నేను ఫోను సముద్రం వైపు తిప్పి, తర్వాత మాట్లాడతానమ్మా అన్నాను, తమిళంలో. "ఏంటికే నాతో అరవం మాట్లాడతా ఉండావు? పక్కన ఎవరే?" అంది అమ్మ. పుట్టినప్పట్నుంచీ మా అమ్మతో నేను తమిళం మాట్లాడలేదు. బళ్ళో తమిళం, బస్సులో తమిళం, ఆఫీసులో తమిళమూ ఇంగ్లీషూ, అమ్మతో మాత్రం ఇదే. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత సూర్యుణ్ణి ఎన్ని ఫోటోలు తీశానో, ఒక్కటీ అమ్మకు పంపలేదు.

అయినా ఆశ చావలేదు, దానికి సిగ్గు లేదు. ఆశ పెరిగింది కృష్ణమ్మాళ్ వల్లే. మూడు సముద్రాలు కలిసే సంగమం దగ్గర స్నానాలకు దిగితే అలలకు నా కాళ్ళ కింద ఇసుక జారిపోయి తూలాను, ఆమె గబుక్కున నా మణికట్టు పట్టుకుంది, తమిళంలో, పట్టుకో కణ్ణు, వదలొద్దు, సముద్రానికి ఆడపిల్లలంటే ఇష్టం అంది, కణ్ణు అని కూతుర్ని ముద్దుగా పిలిచినట్టు పిలిచి నవ్వింది. తడి చీరతో, పసుపు కరిగిన మొహంతో, ఒక పెద్ద అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా ఎగిరింది. గదికి వచ్చాక నా తల తుడిచింది. ఎవరమ్మాయినో తెలియకుండా నా తల తుడిచింది. జుట్టు ఇంత ఒత్తుగా ఉంది, ఏం నూనె పెడతావు, మా తోట నూనె సీసా ఒకటి ఇస్తా, అంటూ జడ వేసి మల్లెపూలు పెట్టింది, తన తలలోంచి తుంచి. శంఖాల కొట్లో గవ్వల గొలుసు నా మెడ దగ్గర పెట్టి చూసి, రంగు ఇసుక పొట్లాలు కొనొద్దు, అదంతా పిల్లల్ని మోసం చేసేది అని తిట్టి, గొలుసు మాత్రం కొనిపెట్టింది. ఆ సమయంలో శరత్ నన్ను చూశాడు. చూశావా, నేను చెప్పలా, అన్నట్టు చూశాడు. నాకు కూడా అనిపించింది, ఈమె మంచిది, ఈమెకు నేను నచ్చాను, నచ్చిన తర్వాత మిగతాదంతా ఒక అద్దం దాటడమే అని.

శరత్‌కి నేను మొదటిసారి దొరికింది మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూనే. ఆఫీసు క్యాంటీన్ వెనక, చెయ్యి కడుక్కునే చోట, నేను అమ్మను తిడుతున్నాను మాత్రలు వేసుకోలేదని. వెనక నుంచి, "నువ్వు తెలుగా?" అని ఎవరో. తిరిగి చూస్తే మొహమంతా వెలిగిపోతోంది అతనికి, ఆ ఆఫీసులో ఇంకొక తెలుగు మనిషి దొరకడం గుప్తనిధి అన్నట్టు. "మనవాండ్లా?" అని అడిగాడు. ఆ రోజే చెప్పేశాను, ముందే చెప్పేయడం నా అలవాటు, తర్వాత తెలుసుకుని మొహం మార్చుకునేవాళ్ళను చాలామందిని చూశాను కాబట్టి. మీ వాళ్ళం కాదు, మీ వాళ్ళకు చెప్పులు కుట్టినవాళ్ళం అన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ, అయితే మా అవ్వకు కాళ్ళు కాలకుండా కాపాడింది మీరే అన్నమాట, కాఫీ ఇప్పించాల్సిందే అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. ఆ తేలికే నన్ను పడేసింది. ఆ తర్వాత నాలుగేళ్ళూ టౌన్ బస్సుల్లో, సినిమా హాళ్ళలో, హోటళ్ళలో జనం మధ్య కూర్చుని ఎవరికీ అర్థం కాకుండా తెలుగులో మాట్లాడుకున్నాం, కండక్టర్ మీసాల గురించి, మేనేజరు పెళ్ళాం గురించి, పుట్టబోయే పిల్లల గురించి. ముద్దులన్నీ ఈ భాషలోనే పెట్టాడు. పిల్లలు పుడితే ఇంట్లో ఏ తెలుగు మాట్లాడాలి, మీదా మాదా అని నేను ఏడిపిస్తే, ఏది ముందొస్తే అది అనేవాడు.

వరుస నాలుగడుగులు కదిలింది. మా ముందు ఆంధ్ర నుంచి వచ్చిన యాత్రికులు, గుండ్ల మీద గంధం పూసుకున్న ఆడవాళ్ళు, ఒక ముసలామె కమ్మీకి ఆనుకుని మా వైపే తిరిగి నిలబడి ఉంది, కాళ్ళు నొప్పిగా ఉన్నాయేమో. గట్టున ఒకతను లైఫ్ జాకెట్లు కుప్పలోంచి తీసి జనానికి విసురుతున్నాడు, తడిసి బూజు పట్టిన నారింజ రంగువి. అప్పుడు కృష్ణమ్మాళ్ ఫోన్ మోగింది, ఆమె మాట్లాడింది, అటువైపు ఎవరో ఏదో చెప్పారు, ఆమె సరే సరే అని పెట్టేసి వెనక్కి తిరిగింది. నా భుజం మీదుగా కొడుకుతో మాట్లాడింది, నేను అక్కడ లేనట్టు, కమ్మీల్లో ఒక కమ్మీనన్నట్టు.

"కంబం వాండ్లు రా. ఆ దర్శినికి నువ్వు నచ్చినావంట. తై మాసంలో పెండ్లి పెట్టుకుందామా అని అడగతా ఉండారు. ఏమి చెప్పేది?"

"ఈ పిల్ల ముందర ఏంటికి ఇప్పుడు?" అన్నాడు గోపాలకృష్ణన్, ఇటు తిరక్కుండానే.

"దీనికేమి తెలస్తాది, అరవ పిల్ల." అని, నా వైపు చూసి ఒక చిన్న నవ్వు నవ్వి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ చెయ్యి నిమురుతూనే కొడుకుని అడిగింది. "రెండు దినాలుగా చూస్తా ఉండాను. నిజము చెప్పు నాయనా. ఈ పిల్ల మింద నీకి ఏమన్నా ఉండాదా? మంచి పిల్లే, పావం. కాని మనకి అయ్యేది కాదు. ఏ జాతో ఏమో. నీకి మనసులో ఉంటే ఇప్పుడే చెప్పేయి, నేనూ తెలుసుకుంటాను."

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఆమె చేతికి తెలిసిపోతుందేమోనని భయమేసింది. ఎందుకంటే ఇది వంతెన. అద్దం లేదు, ఎత్తు లేదు, కానీ ఇదే వంతెన, ఆమె తనంతట తానే అడుగుతోంది, ఇప్పుడే చెప్పేయి అంటోంది. కాదంటుందేమో, ఏడుస్తుందేమో, కారెక్కి వెళ్ళిపోతుందేమో, పోనీ, ఒక్క మాట ఉండాదని అను శరత్, ఉండాది అను చాలు, మిగతాది నేను చూసుకుంటాను, నీతో పాటు తిట్లు తింటాను, మీ తోట గేటు బయట ఎన్నేళ్ళైనా నిలబడతాను. నేను వెనక్కి తిరగలేదు. సముద్రం వైపే చూస్తున్నాను. మధ్యలో పడవ ఒకటి వస్తోంది, పక్కకు ఒరిగి, జనంతో. అప్పుడు వెనక నుంచి శరత్ గొంతు వచ్చింది.

"అట్లంతా ఏమీ లేదుమా. ఊరికే ఆఫీసు ఫ్రెండు. కంబానికి సరే అని చెప్పేయి."

నిదానంగా అన్నాడు. అదే నేను భరించలేకపోతున్నాను. శరత్ ఎప్పుడూ గబగబా మాట్లాడతాడు, సగం మాటలు మింగేస్తాడు, వాళ్ళమ్మే ఏమిరా అంటివి అని రెండోసారి అడుగుతుంటుంది. ఈ మాట మాత్రం ఒక్కొక్క ముక్కా విడివిడిగా, ఎవరికీ పొరపాటున కూడా వినిపించకుండా పోకూడదన్నట్టు అన్నాడు. వాళ్ళమ్మకు కాదు చెప్పింది. నాకు. వాళ్ళు నాకు తెలుగు రాదనుకుని మాట్లాడారు, వాళ్ళ తప్పు అది, తెలియక చేసిన తప్పు, ఎన్ని తరాలుగా అరవ జనం మధ్య ఇట్లాగే నిశ్చింతగా మాట్లాడుకుంటూ వచ్చారో. అతనికి తెలుసు. నేను వింటానని తెలిసే, నా కళ్ళలోకి చూడక్కర్లేకుండా, నా ఏడుపు వినక్కర్లేకుండా, నా వీపుకు చెప్పాడు. మేం దాక్కుని ముద్దులాడిన భాషలో, వాళ్ళమ్మను అడ్డం పెట్టుకుని, నన్ను వదిలేశాడు. నేను నోరు తెరవలేనని కూడా తెలుసు అతనికి. నోరు మూయించింది అతనే కదా. లేదు, లేదు, ఇప్పటికి తప్పించుకోవడానికి అన్నాడేమో, ఇక్కడ ఇంతమందిలో ఎందుకని, పైన వంతెన మీద అంతా సరిచేస్తాడేమో, అని ఒక పిచ్చి మనసు ఇంకా అంటూనే ఉంది, దాన్ని చెంప పగలగొట్టాలి. తై మాసం అంటే సంక్రాంతికి మొదలయ్యేదే, ఎంతో దూరం లేదు. నచ్చినావంట అన్నది ఆమె. నచ్చడానికి ఎప్పుడు చూసింది ఆ దర్శిని? పోయిన నెల ద్రాక్షతోట చూడ్డానికి ఫ్రెండ్స్‌తో కంబం వెళ్తున్నానన్నాడు, అక్కణ్ణించి నాకు ద్రాక్షపళ్ళు తెచ్చాడు, ఒక బుట్టెడు, నేను సగం మా అమ్మకు పంపాను, అమ్మ వీధంతా పంచింది, మా ఇలక్కియ పంపినాదని. పెళ్ళిచూపుల ద్రాక్ష తిన్నాం మేమందరం. నాకు చచ్చిపోవాలని లేదు, అంత మాట అనను, నాకు ఇంటికి పోవాలని ఉంది. మా అమ్మ దగ్గర కింద పడుకుని, ఎందుకేడుస్తున్నావని అడగవద్దని చెప్పి ఏడవాలని ఉంది. ప్రేమ కోసం కాదు, ప్రేమ పోతే పోయింది, పొద్దున అమ్మతో తమిళం మాట్లాడాను, వీడి కోసం. అది ఎక్కువ మండుతోంది.

కృష్ణమ్మాళ్ నా చెయ్యి వదల్లేదు. మనసు తేలికపడిందేమో, ఇంకా ప్రేమగా నిమురుతోంది, నా వైపు తిరిగి తమిళంలో, ఎండకు మొహం ఎలా వాడిపోయిందో చూడు కణ్ణు, నీళ్ళు తాగుతావా అంటోంది. వెనక నుంచి శరత్ కూడా నీళ్ళ సీసా అందిస్తూ, తమిళంలో, తీసుకో అన్నాడు. తీసుకోలేదు. అప్పటికే కళ్ళలోంచి కారుతోంది, ఆపుకున్నాననే అనుకున్నాను, ఎప్పుడు మొదలైందో తెలియదు. గాలికి ఇసుక పడిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు ముందున్న ముసలామె, గుండు మీద గంధం ఎండిపోయి పొట్టు రాలుతున్న ఆ ఆంధ్రా ఆమె, కమ్మీ మీద చెయ్యేసి కృష్ణమ్మాళ్‌ని పలకరించింది.

"ఏవండీ, ఏమీ అనుకోకండి. ఈ పిల్లకి తెలుగొచ్చు. మీరు మాట్లాడుకున్నంతసేపూ చూస్తూనే ఉన్నాను, ఒక్కో మాటకీ దాని మొహం మారిపోతోంది. పాపం, ఏడుస్తోంది చూడండి."

గోపాలకృష్ణన్ మొదటిసారి వెనక్కి తిరిగాడు. కృష్ణమ్మాళ్‌కి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఆమె మొహంలో వచ్చింది సిగ్గు కాదు, తప్పు చేశానన్న బాధ కాదు, ఆమె మరిచిపోయింది తను ఏమన్నదో, ఆమె మొహం వెలిగిపోయింది, అచ్చం ఆ రోజు క్యాంటీన్ వెనక ఆమె కొడుకు మొహం వెలిగినట్టే. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "అయ్యో కణ్ణూ! నీకి తెలుగు వస్తాదా? మన పిల్లవా నువ్వు? చెప్పనే లేదే! ఎవరింటి పిల్లవే?"

నేను జవాబు చెప్పేలోపే శరత్ ముందుకు వచ్చాడు. ఇంతసేపూ రాని గొంతు ఇప్పుడు వచ్చింది అతనికి, గబగబా, ఎప్పటి శరత్‌లాగే, నవ్వుతూ. "లేదుమా, లేదు, నేనే నేర్పించినాను. ఆఫీసులో ఊరికే కొంచెం కొంచెం, నాలుగు మాటలు, అంతే."

ఆగాను. అతను వదిలేస్తే ఆగాను, కంబానికి సరే అంటే ఆగాను, ఇప్పుడు కూడా ఆగొచ్చు. తలూపితే చాలు. పడవ ఎక్కి, దిగి, వంతెన మీద నలుగురం ఒక ఫోటో తీసుకుని, మల్లెపూలతో, గవ్వల గొలుసుతో, అరవ పిల్లగా దిండిగల్‌లో దిగిపోవచ్చు. కృష్ణమ్మాళ్ నన్ను మంచి పిల్లగానే గుర్తుపెట్టుకుంటుంది. శరత్ నన్ను చూస్తున్నాడు, బతిమాలుతూ చూస్తున్నాడు, నాలుగేళ్ళలో ఎన్నోసార్లు ఆ చూపుకు కరిగిపోయాను. ఉయ్యాలలో నాకు జోల పాడిన గొంతు, తోళ్ళ షాపు నుంచి వచ్చిన నాన్న కాళ్ళకు నూనె రాస్తూ తిట్టిన గొంతు, తెల్లారగట్ల చీపురు భుజాన వేసుకుని తలుపు గడియ పెట్టుకోవే అనే గొంతు, ఆ గొంతు మాట్లాడే మాట ఇతను ఆఫీసులో ఖాళీగా ఉన్నప్పుడు నేర్పించాడట.

"లేదు ఆంటీ," అన్నాను, మా వీధిలో అనేట్టే. "మాయమ్మ నేర్పినాది. మాయమ్మ పేరు మూకాయి. దిండిగల్లో ఈదులు ఊడుస్తాది. మా నాయన తోళ్ళ షాపులో చేసినాడు. మేము పుట్టినప్పట్నించి ఇదే మాట్లాడతాము. మీ అబ్బికి మొదటి దినమే తెలుసు."

వరుస కదిలింది, ముందున్నవాళ్ళు పోతున్నారు, వెనకున్నవాళ్ళు తోస్తున్నారు, మేం నలుగురం కదల్లేదు. కృష్ణమ్మాళ్ చేతుల్లో నా చెయ్యి ఇంకా ఉంది. ఆమె చూపు కిందికి, ఆ చేతుల మీదికి దిగింది. ఆమె వదిలేదాకా ఆగకుండా, నా చెయ్యి నేనే తీసుకున్నాను.